లైటు ఆరేదాకా

మామ పోయాడని అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నేను గన్‌ఫౌండ్రీలో, మా బ్యాంకులో ఉన్నాను. పొద్దున చాయ్ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే కన్ను మూశాడట. అంత ఏడుపులోనూ అత్తమ్మ ఒక మాట మరిచిపోలేదు. "బండి తోలుకుంట ఏడ్వకు బిడ్డా, నిమ్మళంగ రా" అంది. ఆ మాట మామది. నేను స్టీరింగు పట్టిన మొదటి రోజు నుంచీ, దేనికి ఏడ్చినా ఆయన అదే చెప్పేవాడు.

ఆయన మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. మెదక్ వైపు నుంచి కుర్రతనంలోనే పట్నం వచ్చి, నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఇంటి ముందు గదికే షట్టరు పెట్టించుకుని, కార్లకు కరెంటు పని చేసేవాడు. అణకువ గల మనిషి అని రాస్తే ఎరిగినవాళ్ళు నవ్వుతారు. తన పని గురించి గొప్పలు చెప్పుకోవడంలో ఆ సందులో ఆయన తర్వాతే ఎవరైనా. కోపం ముక్కు మీద ఉండేది. ఇంకో చోట చేయించి చెడగొట్టుకుని తన దగ్గరికి వచ్చినవాళ్ళకు ముందు చీవాట్లు, తర్వాత చాయ్, ఆ తర్వాతే పని.

ఆయన దగ్గర సామాను పెద్దగా ఉండేది కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టు బల్బు. చిన్న బల్బుకు రెండు వైర్లు, ఒకదాని కొసన క్లిప్పు, ఇంకోదాని కొసన గోనెసంచులు కుట్టే దబ్బనం. క్లిప్పు బండి ఇనుముకు తగిలించి, దబ్బనం వైరులో గుచ్చేవాడు. బల్బు వెలిగితే అక్కడిదాకా కరెంటు వస్తున్నట్టు, వెలగకపోతే తప్పు దానికి వెనక ఉన్నట్టు. అలా వెనక్కి వెనక్కి పోతే దొంగ దొరుకుతాడు. "మనిషి అబద్ధమాడుతడు గని కరెంటు ఆడదు" అనేవాడు.

తొంభైలలో ఆదివారాలు నాకు బాగా గుర్తున్నాయి. ఆబిడ్స్‌లో మా చర్చి ఆవరణలో, ఆరాధన అయి అందరూ మెట్లు దిగుతుండగా ఏదో ఒక బండి మొరాయించేది. చీకటుండగానే వచ్చి లైట్లు ఆర్పడం మరిచిపోయిన పెద్దమనిషి ఒకరు బిక్కమొహంతో నిలబడేవారు. మామ ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి బానెట్ ఎత్తేవాడు. అయ్యగారి ప్రసంగం జర పొడుగైంది, బ్యాటరీ దిగిపోయింది అని పాస్టరుగారికి వినబడేలాగే అనేవాడు. అయ్యగారు కూడా నవ్వి పాటల పుస్తకం పట్టుకుని పక్కనే నిలబడేవారు, ఎందుకంటే తరువాతి వంతు తన అంబాసిడర్‌దే. ఇంట్లో అత్తమ్మ వండిన కూర చల్లారిపోయేది.

నాకు కారు నేర్పింది మామే. నుమాయిష్ అయిపోయి దుకాణాలు ఎత్తేశాక ఎగ్జిబిషన్ మైదానంలో ఒక పాత పద్మిని కారు ఇచ్చి తిప్పించాడు. నేల నిండా మేకులు. టైరు పంక్చరైతే తిట్టు నాకే. గేరు మార్చడం కన్నా ముందు నేర్పింది, బండి దిగాక ఒకసారి వెనక్కి తిరిగి లైట్లు చూసుకోవడం. లైటు మరిచిపోయినవాళ్ళ పుణ్యాన బతికిన మనిషి, నా చేత మాత్రం ఒక్కసారి కూడా మరవనిచ్చేవాడు కాదు.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు నేను కొత్త కారు కొన్నాను. మామ చుట్టూ తిరిగి చూశాడు, బానెట్ ఎత్తాడు, డ్రైవరు కాళ్ళ దగ్గర తల దూర్చాడు. అక్కడ డాష్‌బోర్డు కింద ఒక నల్ల డబ్బా, దానికి జడలు జడలుగా వైర్లు. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారట. తలుపుల తాళాలు, వైపర్లు, హారను, లైట్లు అన్నిటి మీదా దానిదే పెత్తనం. మామకు అది మొదటి చూపులోనే నచ్చలేదు.

"మునుపు స్విచ్చు నొక్కితే కరెంటు సక్కగ లైటు కాడికి పోయేది. గిప్పుడు స్విచ్చు అర్జీ పెట్టుకుంటది, డబ్బా మంజూరు చేస్తే లైటు వెలుగుతది" అన్నాడు. అసెంబ్లీ, కోర్టులు పక్కనే పెట్టుకుని బతికేవాళ్ళకు అర్జీ అంటే వేరే చెప్పక్కర్లేదు.

రెండేళ్ళు ఏ గొడవా లేదు. ఒక వానాకాలం ఆ కారుకు దెయ్యం పట్టింది. ఎండలో వైపర్లు తిరిగేవి. తలుపులు వాటంతట అవే తాళం వేసుకునేవి, తీసుకునేవి. ఒకరోజు సుల్తాన్ బజార్ మూలన హారను ఆగకుండా మోగి, బజారంతా నా వైపే చూసింది. కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్దామా అని మామనే అడిగాను. నేనుండంగ కంపెనీ ఎందుకని కసిరాడు.

సందులో బండి నిలబెట్టాం. వాన అప్పుడే వెలిసింది. మామ కింద కూర్చుని, డబ్బాలోకి పోయే వైర్లలో ఒకటి ఎంచుకుని దబ్బనం గుచ్చాడు. బల్బు ఒక్కసారి భగ్గున వెలిగింది. అంతే. వైపర్లు ఆగిపోయాయి, లోపలి లైటు ఆరిపోయింది, తాళం చెవి తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. మామ మళ్ళీ గుచ్చలేదు. వైర్లు బల్బుకు చుట్టి జేబులో పెట్టేసుకున్నాడు. ఆయన ముఖం అంతగా పాలిపోవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

బండిని తాడు కట్టి సర్వీసు సెంటరుకు లాక్కెళ్ళారు. వద్దన్నా మామ నా వెంట వచ్చాడు. డబ్బా పోయింది, కొత్తది వెయ్యాలన్నారు. అది వచ్చిన రోజు కూడా వచ్చి, పని కనబడే అద్దం దగ్గరే నిలబడ్డాడు. అక్కడి ఇంజనీరు, మర్యాద తెలిసిన పిల్లవాడు, మమ్మల్ని లోపలికి పిలిచాడు. కొత్త డబ్బా బిగించినంత మాత్రాన సరిపోదట. ల్యాప్‌టాప్ తగిలించి, ఇది ఫలానా బండి, ఇవి దీని తాళం చెవులు అని డబ్బాకు తెలియజెప్పాలట. అది ఒప్పుకున్నాక గానీ ఇంజను కదలదు. మామ ఊపిరి బిగబట్టి చూశాడు. ఇంజను అందుకోగానే అందరికంటే ముందు ఆయన ముఖమే వెలిగింది.

తర్వాత ఇంజనీరు పాత డబ్బా మూత తీసి చూపించాడు. లోపలంతా పచ్చటి చిలుము. ముందు అద్దం రబ్బరు వదులై, వాన నీళ్ళు వైర్ల వెంట డబ్బాలోకి దిగాయట. ఇవాళ కాకపోతే రేపైనా పోయేదే అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మామను భుజం పట్టి దగ్గరికి లాగి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు.

ఆ పిల్లవాడు అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. పాపం, మంచికే అన్నాడు. "గని అంకుల్, వీటికి బల్బు పెట్టొద్దు. అది గుంజే కరెంటుకు లోపలియి కాలిపోతయి."

మామ తల ఊపాడు. బయటికి వచ్చాక, ఆ చిలుము చూశావు కదా, నీ తప్పేం లేదని నేను చెప్పబోయాను. "నీళ్ళు పోయిన మాట నిజమే బిడ్డా. గని పానం పోయింది నా చేతుల్లనే" అన్నాడు.

ఆ తర్వాత ఆయన కొత్త కార్లు ముట్టలేదు. చర్చి ఆవరణలో బానెట్ లేస్తే, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడి, కంపెనీకి తీసుకుపొమ్మనేవాడు. అంబాసిడర్లూ పద్మినీలూ ఒక్కొక్కటే తుక్కుకు పోయాయి. షట్టరు సగం తెరిచేవాడు, తర్వాత అదీ మానేశాడు. ఒకసారి నా కారు హారను బొంగురుపోతే కావాలనే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. వైరు వదులైందేమో చూడమన్నాను. చెయ్యి జేబు దాకా పోయింది. "గిది డబ్బాల నుంచి పోతదా?" అని అడిగాడు. తెలియదన్నాను. చెయ్యి కిందికి దించేశాడు.

నన్ను చాలామంది ఊరడించారు. కాలం మారింది, ఎవరేం చేస్తారన్నారు. నిజమే కావచ్చు. కానీ కాలం మారడం వేరు, తన చేతిని తానే నమ్మకపోవడం వేరు. అన్నేళ్ళు గొప్పలు చెప్పుకున్న మనిషి ఒక్క మెరుపుకు మూగబోయాడు. ఆయన గొప్పలు వినలేక విసుక్కున్నదాన్ని, వాటి కోసమే మొహం వాచిపోయాను. ఆ రబ్బరు ఇంకొక్క నెల ఓర్చుకుని, ఇంకెక్కడో, ఇంకెవరి చేతిలోనో ఆ బండి ఆగిపోయి ఉంటే బాగుండేదని ఈ రోజుకీ అనుకుంటాను.

ఆ కారుకే ఇంకో అలవాటు ఉంది. దిగి తాళం వేశాక ముందు లైట్లు కాసేపు వెలుగుతూనే ఉండి, మనం ఇంట్లోకి వెళ్ళాక వాటంతట అవే ఆరిపోతాయి. సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్తే, అవి ఆరేదాకా మామ గేటు వదిలేవాడు కాదు. లోపల చాయ్ చల్లారిపోతోందని అత్తమ్మ కేకేసినా కదిలేవాడు కాదు. డబ్బా మీద అంత నమ్మకం లేదా మామా అని ఒకసారి నవ్వుతూ అడిగాను.

"దాని మీదుంది బిడ్డా. నా మీదనే లేదు" అన్నాడు.

సమాధుల తోట నుంచి తిరిగి వచ్చేసరికి పొద్దు కూకింది. నిమ్మళంగానే నడిపాను. ఏడ్వలేదు. అత్తమ్మను ఇంటి ముందు దింపి, షట్టరుకు ఎదురుగా బండి పెట్టి, దిగి తాళం వేశాను. లైట్లు షట్టరు మీద పడ్డాయి. తుప్పు కింద ఆయన ఎప్పుడో రంగుతో వేయించుకున్న బల్బు బొమ్మ పసుపు రంగులో బయటపడింది.

"అదే బందైతది గని, లోపలికి రా బిడ్డా" అంది అత్తమ్మ గేటు తీసి పట్టుకుని.

వస్తున్నానని చెప్పి, లైటు ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.