వెయ్యి కిలోమీటర్లు నిండేదాకా

నా పికప్ బండిని మొదటిసారి చూసే మెకానిక్ ఎవరైనా ముందుగా అడిగే మాట ఒక్కటే: ఇంజన్ ఎప్పుడు విప్పించారు? విప్పలేదు, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది అంటే నమ్మరు. నమ్మకపోతే మానె. ఇన్నేళ్లుగా నకిరేకల్ మార్కెట్‌కు నిమ్మకాయలూ, హైదరాబాదుకు బత్తాయిలూ, సీజన్‌లో వడ్లూ మోసిన బండి ఇది. ఈ రోజుకీ ఆయిల్ తాగదు, పొగ వదలదు, పొద్దున తాళం తిప్పితే రెండోసారి తిప్పనివ్వదు. ఇందులో కంపెనీవాళ్ల గొప్ప కొంత ఉంటే ఉండవచ్చు. మిగతాదంతా నాదే. కొత్త ఇంజన్‌ను మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎలా నడపాలో మా మండలంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి ఒక ఇంజన్‌ను చేతులారా పాడుచేశాను మరి.

అది నా మొదటి బండి. తెలంగాణ వచ్చిన కొత్తలో కొన్నాను. గుట్ట మీది గుడికి తీసుకుపోయి పూజ చేయించి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి ఊళ్లోకి వస్తే, మా అక్క బిడ్డ ఎదురొచ్చి కేబిన్‌లో ఎక్కి కూర్చుంది. అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉంది. మా అక్క ఇల్లు పక్క వీధిలోనే. ఆ సెలవులంతా ఆ పిల్ల నాతోనే తిరిగింది. మీటరు చదవడం దాని పని. "మామా, రెండు వందలు దాటింది," "మామా, మూడు వందల పది," అని కేక వేసేది. ఒకరోజు సంతోషం పట్టలేక నోరు జారాను.

"నీ పెండ్లికి పెండ్లిపిలగాన్ని నా బండి మీదనే ఊరేగిస్త బిడ్డా."

"కార్ల గాదు గదా? నీ బండి మీదనే?"

"నా బండి మీదనే."

అది నవ్వి మళ్లీ మీటరు చదవసాగింది. మరిచిపోయిందనుకున్నాను.

బండి అమ్మినాయన చెప్పింది ఒక్కటే నా చెవికెక్కింది: వెయ్యి కిలోమీటర్లు నిండేదాకా బరువు వేయవద్దు, ఉరికించవద్దు. నేను అక్షరాలా పాటించాను. సిమెంటు వద్దన్నాను, వడ్లు వద్దన్నాను. కానీ అది పెండ్లిళ్ల కాలం. మా దగ్గర పెండ్లంటే ఎదుర్కోళ్లు ఉంటాయి. పిల్లవాడి వాళ్లు దిగిన విడిది నుంచి పందిరి దాకా పెండ్లికొడుకును బండి మీద కూర్చోబెట్టి, డప్పులతో ఎదుర్కొని తీసుకొస్తారు. కొత్త బండి, మెరుస్తున్న రంగు, అందరి కళ్లూ దాని మీదే. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అడిగారు. నేను లెక్క వేసుకున్నాను: బండి మీద ఒక్క మనిషి, నడక వేగం, అర కిలోమీటరు. కొత్త ఇంజన్‌కు ఇంతకంటే తేలిక పని ఏముంటుంది? అడిగినవాళ్లకల్లా ఇచ్చాను.

అర కిలోమీటరే. కానీ ఆ అర కిలోమీటరు దాటడానికి మూడు గంటలు పట్టేది. ప్రతి ఇంటి ముందూ డప్పు ఆగుతుంది, ఆట మొదలవుతుంది. నాలుగడుగులు వేయడం, పావుగంట నిలబడడం. ఇంజన్ మాత్రం ఎండలో దడదడలాడుతూనే ఉండేది. నేను స్టీరింగ్ ముందు పెండ్లికొడుకు కంటే దర్జాగా కూర్చునేవాణ్ని.

రెండేళ్లు తిరగకుండానే బండి ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. వెనుక నీలిపొగ. గుట్ట ఎక్కాలంటే దగ్గు. నకిరేకల్‌లో ఒక పెద్ద మెకానిక్ ఉండేవాడు, చేతులు ఎప్పుడూ నల్లగా, మాట ఎప్పుడూ మెత్తగా. ఇంజన్ విప్పి, పిస్టన్ ఆడే గొట్టం లోపలి గోడను వేలితో తడిమి, నన్ను కూడా తడమమన్నాడు. అద్దంలా నున్నగా ఉంది. నేను మురిసిపోయాను.

"గట్ల నున్నగుండొద్దు," అన్నాడు. "కొత్తల జర బరువు మీద నడిస్తేనే పిస్టన్ రింగులు గోడకు ఒరుసుకొని కుదురుకుంటయి. నువ్వు మొదట్ల ఏం పని చేపిచ్చినవ్ దీనితోని?"

చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇది మోసి కరాబ్ కాలే బిడ్డా. ఊకె నిలవడి కరాబయింది."

ఆ మాట నన్ను కొట్టినట్టు తగిలింది. ఎవరో ఎక్కువ బరువు వేసి చెడగొట్టారంటే వాళ్లను తిట్టుకునేవాణ్ని. కానీ ముద్దు చేసి చెడగొట్టింది నేనే. ఆ బండిని దగ్గుతూ తుమ్ముతూ ఇంకో నాలుగేళ్లు నెట్టుకొచ్చి, అయినకాడికి అమ్మాను.

రెండో బండి వచ్చేసరికి నేను వేరే మనిషిని. మొదటి రోజు నుంచే సగం లోడు. నలభై నుంచి అరవై మధ్య వేగం మారుస్తూ నడపాలి, ఒకే వేగం పట్టుకుని పోకూడదు. గుట్ట వస్తే ఇంజన్‌ను ఏడవనివ్వకుండా ముందే గేరు తగ్గించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆగితే ఇంజన్ ఆపేయాలి. టీ తాగడానికి ఆగినా, టోల్‌గేటు దగ్గర వరుసలో ఉన్నా, ఎవరైనా పలకరించినా తాళం తిప్పేసేవాణ్ని. ఊళ్లో నవ్వారు. నవ్వితే నా ఇంజన్‌కేం నష్టం లేదు.

మీటరు ఎనిమిది వందలు దాటిన వారంలోనే మేనకోడలి పెండ్లి వచ్చింది. పిల్లవాడిది షాద్‌నగర్, అక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం. పెండ్లి ముందురోజు మేనకోడలు మా ఇంటికి వచ్చి, వాకిట్లో బండి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"మామా, రేపు ఎదుర్కోళ్లకు నీ బండే గదా?"

ఆ పిల్ల మరిచిపోలేదు.

ఇవ్వనంటే మాట తప్పినవాణ్ని. ఇస్తే మళ్లీ మూడు గంటలు ఎండలో నిలబడి దడదడ. ఈ బండి పాడైతే మూడో బండి కొనే శక్తి నాకు లేదు. నా ఇంటిల్లిపాదీ తినేది దాని మీదే. సరేనన్నాను. ఆ పిల్ల వెళ్లిపోయాక బండి చుట్టూ రెండుసార్లు తిరిగాను. బండి వెనుక లోడు కట్టే మోకులు చుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని చూడగానే దారి దొరికింది.

మర్నాడు పొద్దున విడిది అయిన బడి ముందు బండి పెట్టాను. బంతిపూలు కట్టారు, వెనుక కుర్చీ వేశారు, పిల్లవాణ్ని కూర్చోబెట్టారు. నేను ఇంజన్ ఆపి, స్టీరింగ్ బిగుసుకోకుండా తాళం సగానికి తిప్పి ఉంచి, దిగి ముందు కొక్కేనికి రెండు మోకులు కట్టాను. డప్పులవాళ్లు ఆగిపోయారు. మా అక్క హారతి పళ్లెం పక్కవాళ్ల చేతిలో పెట్టి పరుగున వచ్చింది.

"ఏం చేస్తున్నవ్ రా?"

"ఇంజన్ ఆన్ జెయ్యనక్కా. తాళ్లతోని గుంజుకపోదాం."

"నీకేమన్న పిచ్చి లేసిందా? కొత్త బండి అప్పుడే కరాబయిందనుకుంటరు! పదిమందిల నా ఇజ్జత్ తీస్తవా?"

"బండి ఇస్తనన్న, ఇచ్చిన. ఇంజన్ ఇస్తనన్లే."

"గా ఇంజన్ ఎక్కువనా, నా బిడ్డ ఎక్కువనా నీకు?"

నేను వంగి మోకు ముడి మళ్లీ బిగించాను. మా అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లవాడి తరఫువాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరో నవ్వారు కూడా. నిజం చెప్పాలంటే, నా జీవితంలో నా మీద నాకు నమ్మకం సడలింది ఆ రెండు నిమిషాలే. తాళం తిప్పేద్దామా అనుకున్నాను. చెయ్యి డోరు మీద వేశాను కూడా.

అప్పుడు పిల్లవాడి తండ్రి గుంపును తోసుకుంటూ వచ్చాడు. పొట్టి మనిషి, తెల్ల చొక్కా, మోచేతుల దాకా ఎండకు మాడిన చేతులు. కేబిన్‌లోకి తల పెట్టి మీటరు చూశాడు.

"ఎనిమిదొందల నలభై," అన్నాడు తనలో తనే. తర్వాత నా వైపు తిరిగాడు. "మొదటి సర్వీసు కాలేదా బావా?"

"ఇంక కాలే."

"నేను ఇరవై ఏండ్లు లారీ తోలిన," అన్నాడు. తువ్వాల తీసి నడుముకు బిగించి, మోకు అందుకుని భుజం మీద వేసుకున్నాడు. "ఏందిరా చూస్తున్నరు? వట్టుర్రి!"

అంతే. పిల్లవాడి దోస్తులు ఒక మోకు పట్టారు, మా ఊరివాళ్లు రెండో మోకు పట్టారు. డప్పు మొదలైంది. నేను కేబిన్‌లో ఎక్కాను. ఇంజన్ లేకపోతే స్టీరింగ్ ఎంత బరువో, బ్రేకు ఎంత గట్టిగా తొక్కాలో ఆ రోజు నా భుజాలకూ పిక్కలకూ తెలిసింది. మా బావ, పెండ్లిపిల్ల తండ్రి, వెనుక టైరు పక్కన రాయి పట్టుకుని నడిచాడు, వాలు వచ్చిన చోటల్లా టైరు కింద పెట్టడానికి. మొదటి మలుపు దాటేసరికి జనానికి అది ఆట అయిపోయింది. దేవుని రథం లాగినట్టు ఇండ్లలోంచి ఆడవాళ్లు కూడా వచ్చి మోకు పట్టుకున్నారు. నా భార్య పట్టింది. చివరికి మా అక్క కూడా వచ్చి, నా వైపు చూడకుండా, మోకు కొసను పట్టుకుంది. మూడు గంటల దారి ఆ రోజు నాలుగు గంటలైంది. ఇంజన్ ఒక్కసారి కూడా కూయలేదు.

పెండ్లయింది. మేనమామను కాబట్టి పిల్లను గంపలో ఎత్తి పీటల దాకా మోసే పని నాదే, మోశాను. భోజనాలయ్యాక పిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు అందరూ పిల్లవాడి వాళ్ల కారు దగ్గరికి నడిస్తే, మేనకోడలు పెండ్లికొడుకు చెయ్యి పట్టుకుని నా కేబిన్‌లో ఎక్కి కూర్చుంది. వెనుక బీరువా, మంచం, బట్టల పెట్టెలు. సరిగ్గా సగం లోడు. కొత్త ఇంజన్‌కు ఇంతకంటే మంచి దారి, మంచి బరువు ఉండవు.

నకిరేకల్, నల్గొండ, మల్లేపల్లి, కల్వకుర్తి. నలభై, యాభై, అరవై, మళ్లీ యాభై. వెనుక వాళ్ల కారు మా వేగానికి విసిగి హారన్ కొడుతూనే ఉంది. నేను పట్టించుకోలేదు. పెండ్లికొడుకు నిద్రపోయాడు. కల్వకుర్తి దాటి చాలాసేపయ్యాక, పొద్దు వాలుతుండగా, మేనకోడలు ముందుకు వంగి మీటరు చూసింది.

"మామా, వెయ్యయింది. ఇగ గట్టిగ తోలు."

ఈ అంకె కోసం నేను ఎన్ని రోజులు ఎదురుచూశానో. కొద్దిగా కాలు నొక్కాను. ఇంజన్ గొంతు ఎక్కడా చిరగలేదు, ఒక్క ఊపున లాగింది. గెలిచానని అర్థమైంది. ఇది నాతో పాటు ముసలిదవుతుందని అక్కడే తెలిసిపోయింది.

దారి పక్కన బోర్డు కనబడింది: షాద్‌నగర్ పదిహేను కిలోమీటర్లు.

కాలు తీసేశాను. బండి యాభైకి, నలభైకి, ముప్పైకి దిగింది.

"ఏంది మామా? వెయ్యయింది గదా, ఇంక ఫికర్ ఏంది?"

"అయింది బిడ్డా," అన్నాను. "నువ్వు గట్లనే కూసో."

అది నా ముఖం వైపు చూసి, వెనక్కి ఆనుకుని కూర్చుంది. వెనుక కారు హారన్ కొడుతూనే ఉంది. ఆ పదిహేను కిలోమీటర్లూ ముప్పై దాటలేదు. ఇంజన్ కోసం కాదు.