తొట్టి పక్కన మొలిచిన చెట్టు

ప్రొద్దుటూరులో మా ఇంటి పెరట్లో, నీళ్లతొట్టి పక్కన, ఎవరూ నాటని చెట్టొకటి మొలిచింది. మొదట్లో పట్టించుకోలేదు. అది నడుమెత్తు పెరిగి, బట్టలు ఆరేసే దారికి అడ్డమొచ్చి, కొత్త చీర కొంగు పట్టుకుని చింపేశాక నాకు కోపమొచ్చింది. కొడవలి తీసుకుని పోయాను.

"కొట్టొద్దు. అదేం చెట్టో తెలీకుండానే నరికేస్తావా?" అంది మా అత్త.

తెలిసిందెవరికి! ఫోనులో ఫొటో తీసి చూస్తే పూటకో పేరు చెప్పింది. పులివెందులలో పండ్ల వ్యాపారం చేసే మా అన్న వచ్చినప్పుడు ఆకు తుంచి చూసి, "దానిమ్మే. అనుమానమే లేదు" అని తేల్చేశాడు. మా ఆయన అప్పుడే కాయలు ఎవరెవరికి పంపాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

అత్త మాత్రం ఆకు నలిపి వాసన చూసి, "గోరింట మాదిరుందే" అంది. తేల్చుకోవడానికి ఒకటే దారి. గుప్పెడు ఆకు దూసి రోట్లో వేసి నూరింది. నేను చెయ్యి చాపాను. "నీ చేతినిండా పిండి. పో" అని ముద్దను తన కుడి అరచేతిలోనే పెట్టుకుంది. మా ఇళ్లలో భర్త పోయిన ఆడవాళ్లు గోరింటాకు పెట్టుకోరు. మామ పోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి అప్పుడు ఇద్దరికీ గుర్తు రాలేదు.

సాయంత్రం ముద్ద తీస్తే అరచెయ్యంతా ఎర్రగా పండి ఉంది.

"అయ్యో, రేపు జమ్మలమడుగు పోవల్ల గదే!" అంది అత్త.

అక్కడ మామ చెల్లెలి మనవడి నామకరణం. ఆ చిన్నత్త నోటికి జడవనివాళ్లు మా బంధువుల్లో లేరు. అత్త నిమ్మచెక్కతో రుద్దుకుంటే రంగు ఇంకా ముదిరింది. "నేను రాను, మీరు పోయి రాండి" అని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. ఆ బిడ్డను ఎప్పుడెప్పుడు ఎత్తుకుంటానా అని తపించిపోయిన మనిషి, ఈ మాత్రానికి ఆగిపోవాలా? బలవంతంగా బస్సెక్కించాను.

అక్కడ చెయ్యి కొంగులో దాచుకునే కూర్చుంది. బిడ్డను ఒళ్లో పెట్టేసరికి ఇక దాచడం కుదరలేదు. చిన్నత్త చూడనే చూసింది.

"ఏంది వదినా ఇది? అన్న పోయినాక ఎవరికోసం పండించుకుంటివి?"

అందరూ ఇటే తిరిగారు. నేను నోరు తెరిచేలోపే అత్త అరచెయ్యి చాపి చూపించింది. "పెరట్లో మొలిచింది ఏం చెట్టో చూద్దామని పెట్టుకుంటి. గోరింటే. శానా బాగా పండింది కదా?"

అత్త బిడ్డను ఇంకాసేపు ఒళ్లోనే ఉంచుకుంది.

తిరుగు బస్సులో చేతులు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

"ఇంటికి పోయినాక ఇంకొంచెం ఆకు దూయమ్మా," అంది. "ఈ చెయ్యి మిగిలిపోయింది."