దుంగల ఇంటికి చెక్క డిజైను

మా నాన్నగారి చేత దుంగల ఇల్లు కట్టించింది ఒక కేలండరు. రొయ్యల మేత కంపెనీవాళ్ళు ఇచ్చిన ఆ కేలండర్లో జనవరి బొమ్మ: కొండ, కొండ మీద మంచు, మంచులో దుంగలతో కట్టిన చిన్న ఇల్లు. భీమవరం దగ్గర మా చెరువుల గట్టు మీద కొండా లేదు, మంచూ లేదు. టైగర్ రొయ్య మంచి ధర పలుకుతున్న రోజులు కాబట్టి డబ్బు మాత్రం ఉంది. చెరువులు చూడ్డానికి వచ్చే ఎగుమతి కంపెనీవాళ్ళని కూర్చోబెట్టడానికి అలాంటి ఇల్లు ఉండి తీరాలన్నారు. వారం తిరక్కుండా సరుగుడు దుంగలు లారీలో దిగాయి.

నాకు ఆ ఇంట్లో ఒక్కటే కావాలి. చెరువు మీదికి తెరుచుకునే కిటికీ ఉన్న చిన్న గది. ఊళ్ళో ఇంట్లో నేను పుస్తకం తెరిస్తే చాలు, "ఖాళీగానే ఉన్నావుగా" అంటూ ఎవరో ఒకరు చిక్కుడుకాయలు తెచ్చి ముందు పోసేవారు. గోడలు లేస్తుండగా నాన్నగారు మాటిచ్చారు: "ఆ గది నీదేనమ్మా, హాయిగా చదువుకో." నేను కర్టెన్ గుడ్డ కూడా కొనుక్కున్నాను.

పైకప్పు పడ్డాక నాన్నమ్మని తీసుకొచ్చి చూపించారు. ఆవిడ దుంగలు తడిమింది, పైకి చూసింది.

"పాకలోంచి డాబాలోకి రావడానికి మీ నాన్నకి సగం జీవితం పట్టిందిరా అబ్బాయ్. నువ్వు లారీ పెట్టుకుని మరీ పాకలోకి వెళ్తున్నావు."

"పాక కాదమ్మా, ఇది ఫారిన్ మోడలు."

"ఫారిన్‌లో పాకలుండవా ఏంటి?"

నాన్నగారు నవ్వేశారు గానీ ఆ మాట గుచ్చుకుంది. పక్క చెరువు రైతు వచ్చి "మేత బస్తాలు పెట్టుకోడానికాండి?" అని ఎంతో వినయంగా అడగడంతో ఇంకాస్త లోతుగా దిగింది. అలా మొదలైంది ఇంటీరియర్.

ఇంటీరియర్ అంటే లోపలున్నది బయటికి కనబడకుండా చేయడమని నాకు అప్పుడే తెలిసింది. దుంగల మీద ప్లైవుడ్డు కొట్టించారు. ప్లైవుడ్డు మీద మైకా షీటు అంటించారు. ఆ మైకా మీద చెక్క చారలు అచ్చేసి ఉన్నాయి. టేకు డిజైనట.

"లోపలున్నది చెక్కే కదండీ, మళ్ళీ చెక్క బొమ్మెందుకు?" అంది అమ్మ.

"అది చెక్కలా కనబడట్లేదే," అన్నారు నాన్నగారు.

కేలండర్ ఇంట్లో చలిమంట ఉంటుంది కనక మాకూ ఉండాలి. గోడలో గూడు తీయించి, ప్లాస్టిక్ కట్టెలు పేర్చి, వాటి కింద ఎర్ర బల్బు పెట్టించారు. అది మే నెల. బాబాయి ఆ మంట ముందు కూర్చుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "బ్రహ్మాండంగా ఉందన్నయ్యా!" అన్నాడు. ఆ బ్రహ్మాండాన్ని భరించడానికి హాల్లో ఏసీ పెట్టారు. నా గదికి ఇంకా తలుపు లేదు. ఏసీ చల్లదనమంతా నా కిటికీలోంచి పోతోందని తేలింది.

"ఆ కిటికీ మూయించేసి, అక్కడ షోకేసు పెట్టిద్దాం," అన్నారు నాన్నగారు భోజనాల దగ్గర. నేను అక్కర్లేకపోయినా పెరుగు మళ్ళీ వేసుకున్నాను. నా అభ్యంతరాలన్నీ అంతకు ముందు కూడా అలాగే పెరుగన్నంలో కలిసిపోయేవి.

మర్నాడు నేను పనివాళ్ళకి కేరేజీ తీసుకెళ్ళేసరికి వడ్రంగి మేస్త్రి కిటికీకి అడ్డంగా ప్లైవుడ్డు ఆనించి మేకులు వెతుక్కుంటున్నాడు.

"మేస్త్రిగారూ, అది మూయకండి."

"ఏంటమ్మా?"

"కిటికీ. మూయొద్దు."

"ఎవరు చెప్పారండి?"

నాన్నగారని అనేస్తే గొడవే లేదు. "నేను," అన్నాను.

"ఆయ్, అలాగేనండి," అని చెక్క దించేశాడు. పొద్దున నాన్నగారు చెప్పింది మధ్యాహ్నం బాబాయి మార్చడం, దాన్ని సాయంత్రం అమ్మ మార్చడం అతనికి అలవాటే. నాలుగో గొంతుకి ఆశ్చర్యపోలేదు. ఇంత తేలికైన పనికి ఇన్నేళ్ళు పెరుగన్నం తిన్నందుకు నాకే ఒళ్ళు మండింది.

సాయంత్రం నాన్నగారు అరిచారు. "ఎవడు ఆపమన్నాడు?"

"అమ్మాయిగారండి."

"ఏ అమ్మాయి?"

ఆయనకున్నది నేనొక్కదాన్నే. అయినా కాసేపు ఆలోచించారు. ఎగుమతి కంపెనీ అతిథులు రేపే వస్తున్నారు కనక, వాళ్ళు వెళ్ళాక మూయిద్దామన్నారు.

మర్నాడు అతిథులు కూర్చున్న కాసేపటికే కరెంటు పోయింది. ఏసీ ఆగింది, చలిమంట ఆరింది. ఎండకి కాగిన ప్లైవుడ్డు పెట్టెలో జిగురు వాసన మధ్య అందరూ ఉడికిపోయారు. వాళ్ళలో ఒకాయన గాలి వెతుక్కుంటూ నా గదిలోకి వెళ్ళాడు. వెనకే అందరూ వెళ్ళారు. చెరువు మీంచి గాలి బాగా వస్తోంది.

"ఇది గదంటే! ఇక్కడ కిటికీ పెట్టాలని ఎవరికి తోచిందండీ?"

"నాదేనండి ఐడియా," అన్నారు నాన్నగారు, రెప్పయినా ఆర్పకుండా. "ఇకనుంచి మీరెప్పుడొచ్చినా ఈ గది మీదే."

నేను కొబ్బరినీళ్ళ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాను. ముందు పళ్ళెం కింద పెట్టాను.

"అది నా గది, నాన్నగారూ. నాకిచ్చారు."

ఎవరూ గ్లాసు అందుకోలేదు. చివరికి ఆ అతిథే నవ్వాడు. "అయితే మేం అమ్మాయిగారి పర్మిషన్ తీసుకోవాలన్నమాట!" నాన్నగారు ఆయనకంటే గట్టిగా నవ్వారు.

కారు గట్టు దిగి వెళ్ళాక ఆ నవ్వు తీసేశారు.

"నలుగురిలో అలాగేనా మాట్లాడేది?"

నేను గ్లాసులు పళ్ళెంలోకి తీసుకుంటున్నాను. ఆయన గది గుమ్మం దగ్గర నిలబడి, మేస్త్రిని పిలిచి, నా వైపు చూడకుండా అడిగారు.

"తలుపు చేయిస్తున్నాను. గడియ ఎటు పెట్టించమంటావు?"

"లోపలి వైపు," అన్నాను.