బోర్డు మీద నా పేరు

నేను వాగుడుకాయను. పుట్టినప్పటి నుంచి చూపు లేదు కానీ నోటికి ఏ లోటూ లేదు. తిరుపతిలో అందరూ చదివే మామూలు బడిలోనే నేనూ తొమ్మిదో తరగతి చదివాను. సార్లు లేని పీరియడ్‌లో మాట్లాడినవాళ్ళ పేర్లు క్లాస్ లీడర్ బోర్డు మీద రాసేది. అందరికంటే ఎక్కువ మాట్లాడేది నేనే. అయినా నా పేరు ఒక్కసారీ ఎక్కలేదు. నాతో మాట్లాడినందుకు పక్క పిల్ల మాత్రం రోజూ బయట నిలబడేది. నేను ఆటలో అరటిపండును.

మొదట్లో హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు. ఒకరోజు ఆ పిల్ల తను చూసిన సినిమా కథ నాకు చెబుతూ చెబుతూ, హీరో ఘాట్ రోడ్డు మీద నుంచి లోయలో పడినచోట ఆపేసింది.

"నీకేం మే, ఎంత మాట్లాడినా ఎవరూ ఏమీ అనరు. నిలబడేది నేను" అని సంచి తీసుకుని వెనక బెంచీకి పోయింది.

బడిలో నాకున్న స్నేహితురాలు ఆమె ఒక్కతే. మిగతా పిల్లలు చేయి పట్టుకుని నడిపించేవాళ్ళు, సీసాలో నీళ్ళు నింపి ఇచ్చేవాళ్ళు. కబుర్లు మాత్రం ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. వారానికి నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి లీడర్‌ను నిలదీశాను.

"నా పేరెందుకు రాయవు మే?"

"పాపం కదా అని."

"పాపమేంది? నా నోరు బాగానే ఉండాది కదా. రాయి."

మర్నాడు లెక్కల సార్ వచ్చేలోపు గొంతు పెంచి వెనక బెంచీని అడిగాను. "మే, లోయలో పడినాక ఏమైంది?"

"నోరు మూసుకో మే" అంది ఆమె.

సుద్దముక్క చప్పుడు విన్నాను. ఒక పేరు. కాసేపు ఆగి, ఇంకో పేరు.

సార్ వచ్చి బోర్డు చూసి ఆగిపోయారు. "ఆ పాప పేరు ఎవరు రాసింది? తుడిచెయ్."

"తుడవను సార్. అందరికంటే ఎక్కువ వాగేది ఆ పిల్లే" అంది లీడర్.

క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వులో జాలి లేదు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

"అయితే ఇద్దరూ బయటికి పోండి" అన్నారు సార్.

వరండాలో ఎండ చురుక్కుమంటోంది. ఆమె నా మోచేతిని తన మోచేత్తో పొడిచి, "ఆడు సావలేదు మే" అని కథ మొదలుపెట్టింది. నేను అడ్డు ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను. ఇంతలో లోపలి నుంచి లీడర్ గొంతు వినబడింది.

"సార్, బయట కూడా మాట్లాడతా ఉండారు. ఇద్దరూ!"