ఎనిమిదో రబ్బరు

చండ్రుగొండ చుట్టుపక్కల పాత కార్లకు, జీపులకు బ్రేకులు బాగుచేసేది ధన్‌సింగ్ ఒక్కడే. "సామాను రాదు, తుక్కుకెయ్యి" అని షోరూమ్ వాళ్లు వెళ్లగొట్టిన బండ్లన్నీ అతని రేకుల షెడ్డుకే వస్తాయి. పెద్దవాళ్ల జీవితచరిత్రలు చాలా చదివాను. ఒక్కదాంట్లోనూ ఇలాంటివాడు కనబడలేదు. రాసేవాళ్లు జీపెక్కరు కాబోలు.

అతనికి చదువు రాదు. అతని లెక్కంతా ఒక పెయింటు డబ్బా. చక్రం విప్పి, బ్రేకు సిలిండరు లోపలి తుప్పును సన్న ఎమరీ కాగితంతో రుద్దుతాడు. బ్రేకు ఆయిల్‌తోనే కడుగుతాడు. డీజిల్ తగిలితే రబ్బరు ఉబ్బుతుందంటాడు. సిలిండరులోంచి తీసిన, చిన్న గిన్నెలాంటి పాత రబ్బరు డబ్బాలో పడ్డాకే కొత్తది ఎక్కిస్తాడు. చక్రానికి రెండు, జీపుకు ఎనిమిది.

మొన్న ఫిబ్రవరిలో, కూలీలను తోలే కోటేష్ జీపుకు ఆ పనే చేశాడు. మర్నాడు పొద్దున జీపులో పన్నెండుమంది మిర్చి ఏరే ఆడవాళ్లు ఎక్కారు. చెల్లెలింటికి పోతూ ధన్‌సింగ్ భార్య రూప్లి కూడా ఎక్కింది. కాసేపటికి నేను టీ పట్టుకుని పోతే, ధన్‌సింగ్ డబ్బా బోర్లించి నేలంతా వెతుకుతున్నాడు.

"ఏందన్నా?"

"ఏడే ఉన్నయ్ తమ్మీ."

"నిన్న చూసుకోలేదా?"

"కరెంటు పోయింది. పొద్దుగాల చూద్దామనుకున్న. నేను తానం చేసేలోపే తీస్కపోయిండు కోటేష్ గాడు."

అంటే ఒక పాత రబ్బరు ఇంకా చక్రంలోనే ఉంది. అడవి దారిలోని గుట్ట దిగేటప్పుడు అది తెగితే బ్రేకు ఉండదు. అడవిలో ఫోను కలవదు. టీ అక్కడే పెట్టి నా బండి తీశాను. ధన్‌సింగ్ వెనక ఎక్కాడు. దారంతా నా భుజం వదల్లేదు.

గుట్ట కింద జీపు ఆగి ఉంది. ఆడవాళ్లు దిగి నిలబడ్డారు. బండి ఆగకముందే ధన్‌సింగ్ దూకాడు.

కోటేష్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "అన్నా, ఏం బ్రేకే! గొర్ల మంద అడ్డమొస్తే జానెడు దూరంల నిలబడ్డది."

"చక్రాలు విప్పురా."

"ఏందయ్యా గా ఉరుకుడు?" రూప్లి అంది. "నన్ను తోలి గంట కాలే, అప్పుడే బెంగపెట్టుకున్నవా?" ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"రబ్బరొకటి తక్కువైందే. పాతది."

రూప్లి నవ్వు ఆగింది. సంచిలోంచి ఇప్పనూనె సీసా తీసింది. మూతి మీద నల్లటి రబ్బరు బోర్లించి, గుడ్డపేలికతో కట్టి ఉంది.

"మూత పోయింది. గిది మంచిగ పట్టింది. నువ్వు పారేసేదే గదా?"

ధన్‌సింగ్ రోడ్డు మీదే కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు.

సీసాకు తన తువ్వాలు చించి కుక్కి, రబ్బరు వెనక్కి తెచ్చుకున్నాడు. షెడ్డులో దాన్ని తుడిచి డబ్బాలో వేశాడు. మళ్లీ అన్నీ బోర్లించి లెక్కపెట్టాడు. ఎనిమిది.

అప్పుడు ఆ చల్లారిన టీ తాగాడు.