లంగరు గుర్తు రందా

2015 జనవరి 30, శుక్రవారం. నాచారం, ప్యాటర్న్ షాపు. హాజరైనవారు: పర్సనల్ ఆఫీసర్ మూర్తి గారు, సెక్యూరిటీ సూపర్‌వైజర్ బాల్‌రెడ్డి, ప్యాటర్న్ మేకర్ యాదగిరి, టూల్ రూమ్ ఇన్‌స్పెక్షన్ తరఫున నేను.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. బల్ల మీద ఒకే ఒక వస్తువు ఉంది: చిత్రిక పట్టే రందా, ఇనుప దిమ్మది, సైజులో నాలుగో నంబరు. అది యాదగిరిదా, కంపెనీదా తేల్చి చెప్పమని నన్ను పిలిచారు.

మాది ఫౌండ్రీ. పంపుల పై తొడుగులు, వాల్వులు పోత పోసేవాళ్లం. కరిగిన ఇనుము పోయడానికి ఇసుకలో అచ్చు కావాలి. ఆ అచ్చు దిగాలంటే ముందుగా అదే వస్తువును చెక్కతో చేయాలి. ఆ చెక్క రూపాన్ని ప్యాటర్న్ అంటారు. ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది గనుక, ప్యాటర్న్‌ను ఆ మేరకు కాస్త పెద్దదిగా చెయ్యాలి. ఆ కాస్త ఎంతో తెలిసినవాడే ప్యాటర్న్ మేకర్. అలాంటివాళ్లు తమ పనిముట్లు తామే తెచ్చుకుంటారు. ఉద్యోగంలో చేరిన రోజు పెట్టెతో లోపలికి వస్తారు, రిటైరైన రోజు పెట్టెతో బయటికి వెళతారు. కంపెనీ తరఫున కూడా కొన్ని రందాలు షాపులో ఉండేవి. అవన్నీ ఒకే దేశీ తయారీ, బ్లేడు మీద గుర్రం గుర్తు ఉండేవి.

అంతకు ముందు ఏడాది ప్యాటర్న్ షాపు మూసేయాలని యాజమాన్యం నిర్ణయించింది. ప్యాటర్న్‌లు ఇక బయట మిషన్ మీద కోయించుకోవచ్చు. దసరా తర్వాత కొత్త పని ఇవ్వడం ఆపేశారు. యాదగిరిని స్టోర్స్‌లో పాత ప్యాటర్న్‌లకు రంగులు వేసే పనిలో పెట్టారు. అతను జనవరి ముప్పై ఒకటిన రిటైరవుతున్నాడు. ఒకేసారి పెట్టె మోయలేక రోజుకు రెండు మూడు సామాన్లు సంచిలో ఇంటికి, మేడిపల్లికి, తీసుకువెళుతున్నాడు. గురువారం సాయంత్రం గేటు దగ్గర బాల్‌రెడ్డి సంచి తెరిపించాడు. రందా బ్లేడు మీద మా కంపెనీ ముద్ర కనిపించింది.

కంపెనీ సొత్తు గేటు దాటించబోవడం మా స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం దొంగతనం. రుజువైతే డిస్మిస్. అతనికి మిగిలింది ఒక్క రోజు.

నాకు యాదగిరి ఎంతో కాలంగా తెలుసు. అయినా పరీక్ష పూర్తయ్యేదాకా అతనితో కుశల ప్రశ్నలు కూడా వెయ్యలేదు. ఇన్‌స్పెక్షన్ వాళ్లకు అది నియమం. అతనూ నన్నేమీ అడగలేదు. మూర్తి గారు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“చూడు యాదగిరీ, నీ మీద నాకేం కోపం లేదు. ముద్ర ఉంది కదా. దానికేం చెబుతావు?” అన్నారు మూర్తి గారు. ఆయనది కాకినాడ దగ్గర. ఎంత కఠినమైన మాటైనా మెల్లగా అడిగేవారు.

“ఆ బ్లేడు నాది కాదు సార్. రందా నాది. నాకు పని నేర్పిన మా ఉస్తాద్ ఇచ్చిండు.”

“గదేంది యాదగిరి?” అన్నాడు బాల్‌రెడ్డి. “బండి నాది, ఇంజను నాది కాదంటే పోలీసోడు ఇడుస్తడా?”

“మరి నీ బ్లేడు ఎలా ఉంటుంది?” అని నేను అడిగాను.

“లంగరు బొమ్మ ఉంటది సార్. దానికి తాడు సుట్టుకొని ఉంటది.”

నేను రందాను విప్పాను. ఇలాంటి రందాలో పేరు దొరికే చోట్లు రెండు. ఒకటి దిమ్మ: పోత పోసేటప్పుడే తయారీదారు గుర్తు, నంబరు ఉబ్బెత్తుగా వస్తాయి. రెండోది బ్లేడు పైకొన: అక్కడ గుర్తును పంచ్‌తో కొడతారు. గుర్తులు లేకపోయినా వయసు చెప్పే ఆనవాళ్లు ఉంటాయి. పిడి రోజ్‌వుడ్‌దా, రంగేసిన మామూలు కర్రదా? బ్లేడును ముందుకూ వెనక్కూ జరిపే నట్టు ఇత్తడిదా, ఇనుముదా? ఈ రందాకు రోజ్‌వుడ్ పిడి, ఇత్తడి నట్టు ఉన్నాయి. దిమ్మ మీద ఒక పాత ఇంగ్లండ్ తయారీ వారి లంగరు గుర్తు ఉంది. మా కంపెనీ పుట్టక ముందటి సరుకు. అలాంటిది మేము ఎన్నడూ కొనలేదు.

కానీ బ్లేడు మాదే. గుర్రం గుర్తు, దాని కింద వృత్తంలో మా ముద్ర. మేము ముద్ర బ్లేడు మీదే ఎందుకు కొట్టేవాళ్లమో చెప్పాలి. పోత ఇనుము పెళుసు, పంచ్ పెట్టి సుత్తితో కొడితే చిట్లిపోవచ్చు. బ్లేడు పైకొన మెత్తగా ఉంటుంది, దెబ్బకు లోబడుతుంది. అందువల్ల దిమ్మకు ఏ ముద్రా ఉండేది కాదు.

ఇంకొక చిక్కు కూడా వచ్చింది. దిమ్మ మీది లంగరుకు తాడు లేదు. బోసి లంగరు. బాల్‌రెడ్డి వంగి చూసి నవ్వాడు. “తాడు ఏడబాయె? ఉస్తాద్ ఇప్పుకపోయిండా? రోజు పట్టిన రందా మీద ఏం బొమ్మ ఉందో ఎరుక లేదు సార్ ఈనకు.”

యాదగిరి ముఖం కిందికి దించుకున్నాడు. “నేను బ్లేడు సంగతి జెప్పిన,” అన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా అప్పటికి పట్టించుకోలేదు.

మూర్తి గారు సస్పెన్షన్ ఉత్తర్వు టైపు చేయించి తెచ్చుకున్నారు. మధ్యాహ్నం దాకా ఆగమన్నాను. దిమ్మ ఒకరిది, బ్లేడు ఒకరిది అయినప్పుడు, ఆ రెండూ ఎప్పుడు కలిశాయో తెలియకుండా నేను సంతకం పెట్టలేనన్నాను. బ్లేడు చివరిసారి ఎప్పుడు విప్పావని యాదగిరిని అడిగాను.

“ఆయుధ పూజ నాడు సార్.”

దాంతో నాకు దారి కనిపించింది. మా ప్యాటర్న్ షాపులో ఆయుధ పూజకు రందాలను ఉన్నవి ఉన్నట్టు పెట్టరు. బ్లేడు మీద పొట్టు తుక్కు ఉంటే పూజకు పనికిరాదని పట్టింపు. సొంతవి, కంపెనీవి అన్నీ విప్పి, బ్లేడ్లు, వాటి పై రేకులు కిరోసిన్‌తో కడిగి, ఒకే పళ్లెంలో పేర్చి పసుపు కుంకుమ పెడతారు. పూజ అయ్యాక మళ్లీ బిగిస్తారు.

“ఎవరు బిగించారు?”

“మోల్డింగ్ షాపు పోరగాళ్లు సార్. నేను కొబ్బరికాయలు కొట్టి పంచుతున్న. అండ్ల ఎవలిది ఎండ్ల ఎక్కిచ్చిన్రో. ఆ తర్వాత నాకు రందా పట్టే పని యాడిది? బ్రష్షు ఇచ్చిన్రు గద.”

నాలుగో నంబరు రందాకూ, కొంచెం పొడవైన ఐదో నంబరుకూ బ్లేడు వెడల్పు ఒకటే, రెండంగుళాలు. ఒకదాని బ్లేడు మరొకదానిలో చక్కగా కూర్చుంటుంది. కనుక యాదగిరి చెప్పింది నిజమైతే, అతని బ్లేడు కంపెనీ రందాల్లో ఒకదానిలో ఉండాలి. అయితే ఆ రందాలన్నీ అప్పటికే గోనె సంచుల్లో కట్టి స్క్రాప్ యార్డుకు చేర్చారు. ఉప్పల్ నుంచి తుక్కు వ్యాపారి లారీ మర్నాడు ఉదయమే వస్తుంది.

మూర్తి గారు, “పదండి, అదీ చూసేద్దాం,” అన్నారు. నలుగురం యార్డుకు నడిచాం. సంచులు విప్పింది బాల్‌రెడ్డే. నేనొక్కొక్క రందా పై మూత వదులు చేసి, బ్లేడు తీసి చూసి పక్కన పెడుతూ వచ్చాను. గుర్రం, ముద్ర. గుర్రం, ముద్ర. యాదగిరి కొంచెం దూరంలో నిలబడి యార్డు గోడ వైపు చూస్తున్నాడు. మొదటి సంచి అయిపోయింది. రెండో సంచి సగానికి వచ్చేసరికి మూర్తి గారు వాచీ చూసుకున్నారు.

ఒక ఐదో నంబరు రందాలో దొరికింది. బ్లేడు మీద మా ముద్ర లేదు. లంగరు ఉంది. లంగరుకు తాడు చుట్టుకుని ఉంది.

నేను మొదట అనుమానమే పెట్టుకున్నాను. తాడున్న లంగరు ఆ తయారీ వారే తర్వాతి కాలంలో వాడిన గుర్తు. దిమ్మ పాతది, బ్లేడు దానికంటే కొత్తది. రెండూ ఒకే రందావని ఎలా చెప్పగలం? యాదగిరిని అడిగాను.

“బ్లేడు అరిగిపోతది గద సార్. సాన పట్టి పట్టి పొట్టిగైతే మా ఉస్తాద్ కొత్తది ఏపిచ్చిండు. అదే కంపెనీది దొరికేదాంక ఆగిండు. గందుకే దానికి తాడు, దిమ్మకు లేదు.”

ఈ సమాధానం ఇప్పుడు బ్లేడు చూశాక చెప్పింది కావచ్చు గదా అని మూర్తి గారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. నేను జవాబు చెప్పబోతుంటే బాల్‌రెడ్డి గోనె సంచి కింద పెట్టి లేచాడు.

“లేదు సార్. పొద్దుగాలనే జెప్పిండు, తాడు ఉంటదని. అప్పుడు ఈ బ్లేడు ఎవ్వలం సూడలే. నవ్వింది నేనే.”

ఉదయం యాదగిరికి తన గుర్తు కూడా తెలియదని మేము అనుకోవడానికి కారణమైన మాటే ఇప్పుడు రుజువైంది. రెండు బ్లేడ్ల పై రేకులు విప్పి చూశాను. వాటి కింద నూనెలో నానిన పసుపు ఇంకా అంటుకుని ఉంది. సాన పట్టడానికి రేకు విప్పి ఉంటే అది తుడిచిపోయేది; పూజ తర్వాత ఈ రెండింటితో ఎవరూ పని చేయలేదని తేలింది. “రందా యాదగిరిది, బ్లేడు కంపెనీది, పూజనాడు పొరపాటున మారినది,” అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. మూర్తి గారు ఉత్తర్వును నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నారు.

“చెప్పొచ్చుగా అన్నా ముందే, పూజ సంగతి?” అన్నారు యాదగిరితో. అన్నా అనడం అదే మొదటిసారి.

“మీరు ముద్ర సంగతి అడిగిన్రు సార్. పూజ సంగతి ఎవలడిగిన్రు?”

ఆ సాయంత్రమే స్టోర్స్‌కు ఒక సూచన పంపాను. ఇకముందు విడిపోయే భాగాలున్న ఏ పనిముట్టుకైనా గుర్తు ఒక్క భాగం మీదే ఉంటే దాన్ని గుర్తుగా లెక్కించరాదని. గుర్తు అది ఉన్న ముక్క సంగతే చెబుతుంది. మొత్తం వస్తువు ఎవరిదో తెలియాలంటే ఆ ముక్కలు ఎలా కలిశాయో అక్కడ పనిచేసేవాళ్లను అడగాలి. ఆ తర్వాత సర్వీసులో ఉన్నంతకాలం నేను ఆ పద్ధతినే పాటించాను.

మరుసటి ఉదయం నేను యార్డుకు వెళ్లేసరికి యాదగిరి నా కంటే ముందే వచ్చి, సానరాయి మీద కంపెనీ బ్లేడును నూరుతున్నాడు. బాల్‌రెడ్డి పక్కన నిలబడి ఉన్నాడు.

“తుక్కుల పోయేదానికి సాన ఎందుకయ్యా? లారీ వస్తున్నది.”

“వాపస్ ఇచ్చేటిది మొద్దుగ ఇయ్యొద్దు.”

బ్లేడును గోరు మీద ఆనించి పదును చూసుకుని, ఐదో నంబరులో బిగించి, సంచిలో తానే వేశాడు. లారీ తూకం అయి వెళ్లిపోయింది. పదకొండింటికి క్యాంటీన్‌లో పూలదండ, టీ అయ్యాయి. తర్వాత యాదగిరి సంచితో గేటు దగ్గరికి వచ్చాడు. బాల్‌రెడ్డి నియమం ప్రకారం సంచి తెరిపించి, రందా బయటికి తీశాడు. బ్లేడు చూశాడు. తర్వాత దిమ్మను వెలుతురుకు తిప్పి, అదీ చూశాడు.

“తాడు ఉన్నది. తాడు లేనిదీ ఉన్నది,” అని రందాను రెండు చేతులతో అందించాడు. “పో అన్నా.”