చూడని ఇంటికి ఒక గడప

మా అన్నయ్యగారు పోయారని పోయిన శుక్రవారం ఉత్తరం వచ్చింది. ఆయన నాకు తోడబుట్టినవారు కాదు. ఇక్కడ మస్కట్‌లో, హమ్రియాలో, మా వాటా కింద గదిలో ఉండి, మావారి కంపెనీలోనే కట్టడాల పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన పెద్దమనిషి. రాసింది ఆయన భార్య, రాజమండ్రి నుంచి. "చివరి నెలల్లో చూపు బొత్తిగా లేదు. మంచం మీద కూర్చుని ఇటు హాలు, ఇటు మెట్లు, ఇటు ప్రార్థన గది అని గాలిలో చెయ్యి పెట్టి చూపించేవారు. మాది రెండు గదుల ఇల్లు. ఆయన చెప్పిన ఆ ఇల్లు ఎవరిది వదినగారూ?" అని అడిగింది.

ఇల్లు ఎవరిదో ఆవిడకి జవాబు రాశాను. రాయకుండా దాచింది ఒకటి ఉంది. ఉత్తరాలకీ రామకోటికీ తప్ప నేను కలం పట్టి ఎరగను. ఆ దాచినది లోపల ఉండగా రామనామం రాద్దామంటే నాలుగు రోజులుగా చెయ్యి సాగడం లేదు. అందుకే ఈ వేరే పుస్తకం తీశాను.

మేం ఈ వాటాలోకి వచ్చిన కొత్తలో నాకు ఒకటే దిగులు. గచ్చు వీధి వసారా నుంచి వంటింటిదాకా నున్నగా సాగిపోతుంది, ఎక్కడా గడప లేదు. శుక్రవారం పసుపు ఎక్కడ రాయను? మావారితో అంటుంటే అన్నయ్యగారు మెట్ల మీద విన్నట్టున్నారు. మరుసటి వారం సైట్‌లో మిగిలిన టేకు చెక్క చిత్రిక పట్టించి తెచ్చి, తానే మోకాళ్ల మీద కూర్చుని వీధి తలుపుకి బిగించారు. "ఇల్లన్నాక లోపల ఏదో బయట ఏదో తెలియాలి కదా చెల్లెమ్మా," అన్నారు. ఆ రోజు నుంచి శుక్రవారం సెలవునాడు ఆయన భోజనం మా ఇంట్లోనే.

ఆయన పైఅధికారి ఇంగ్లండు దొరగారు. ఆ దొరగారి తాతముత్తాతల ఇల్లు అక్కడ ఏదో పల్లెటూళ్లో ఉందట, నాలుగు వందల ఏళ్ల నాటిది. దూలాలు పుచ్చిపోయి, పడగొట్టడానికి నిర్ణయమైంది. పడిపోయేలోపు ఆ ఇంటిని కాగితం మీదైనా నిలపమని, కొలతలు రాసిన పుస్తకమూ ఫొటోలూ తెచ్చి అన్నయ్యగారి చేతిలో పెట్టారు. కింద గదిలో నలుగురు మనుషులు, బల్ల పట్టదు. అందుకని మా ముందు గదిలో బల్ల వేశారు. భోజనాలయ్యాక ఆయన గీసేవారు, నేను కొలతలు చదివేదాన్ని. నా హైస్కూలు ఇంగ్లీషు అడుగులకీ అంగుళాలకీ సరిపోయింది.

"ముప్పై ఏళ్లుగా గోడౌన్లూ, నీళ్ల ట్యాంకులూ, ఎవరి మెట్లో, ఎవరి స్నానాలగదో గీశాను. మొదటినుంచి చివరిదాకా ఒక్క ఇల్లు గీయలేదు చెల్లెమ్మా. ఇదొక్కటి పూర్తి కావాలి," అనేవారు.

ఆ ఇల్లు నాకూ అలాగే తెలిసింది. మూరన్నర మందం రాతి గోడలు. కిటికీలకి నిలువునా రాతి కమ్ములు, వాటి మధ్య చిన్నచిన్న అద్దాలు. పడవ బోర్లించినట్టు పెద్ద హాలు కప్పు. మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే పొడుగు గది, వానల్లో ఆడవాళ్లు అందులో నడిచేవారట. గదిగదికీ పొయ్యి ఉందని చదివి నేను తెల్లబోయాను.

"ఇంతమంది వేరు కాపురాలు పెట్టారా అన్నయ్యగారూ, ఒక్క ఇంట్లో?"

"వంటకి కాదమ్మా, చలికి!" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. బయట గోడ ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండ.

"గురువుగారూ, గృహప్రవేశం ఎప్పుడు?" అని మావారు లోపలి నుంచి కేకేసేవారు.

"పాలు పొంగించేది మీ ఆవిడేనండీ, మీరు కొబ్బరికాయ పట్టుకు నిలబడండి చాలు."

తాత కట్టిన గోడకి మనవడు కట్టింది ఎక్కడా తిన్నగా అతకలేదు. కాస్త సరిచేసి గీయవచ్చు కదా అన్నాను ఒకసారి. "వంకర గోడని తిన్నగా గీస్తే అది ఆ ఇల్లు కాదు, అబద్ధం," అన్నారు.

అలాంటి మనిషి పొరబడ్డారు. దొరగారు కింది అంతస్తు చూసి, ప్రతి తలుపు దగ్గరా ఈ రెండేసి గీతలేమిటి అని అడిగారట. గడపలు! ఆ ఇంట్లో గదుల మధ్య గడపలే లేవు. అలవాటైన చెయ్యి ఇరవై ఒక్క తలుపులకీ పెట్టేసింది. ఆ శుక్రవారం అన్నం కెలికి లేచారు. ఆ కాగితం మీది సిరా చెరపడానికి బ్లేడుతో మెల్లగా గీకాలి. బ్లేడు పట్టుకుని కూర్చుని, "ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించు," అన్నారు.

వేళాకోళం అనుకున్నాను. గీతలు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి.

"సూది బెజ్జంలోంచి చూసినట్టుంది చెల్లెమ్మా. గీసే చోటు కనిపిస్తుంది. పక్కన ఏముందో కనిపించదు. వెతకలేను."

"డాక్టరుకి చూపించుకోండి. మావారితో చెబుతాను."

"చెబితే కంపెనీ మర్నాడే ఇంటికి టికెట్ చేతిలో పెడుతుంది. ఇల్లు సగంలో ఆగిపోతుంది. రాముడి మీద ఒట్టు, మీ ఆయనకి కూడా చెప్పకు."

ఒట్టు వేశాను.

ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించాను, ఆయన గీకారు. ఇరవై పోయాయి. ఇరవై ఒకటోది ప్రార్థన గది. దేవుణ్ణి పెట్టుకున్న గదికి గడప తీసెయ్యమని చూపించడానికి నా వేలు రాలేదు.

"అయిపోయాయా?"

"అయిపోయాయి అన్నయ్యగారూ."

అబద్ధం గీయని మనిషికి నేను అబద్ధం చెప్పాను.

మరి ఆరు నెలలకి మొత్తం ఇల్లు పూర్తయింది. ఆ రోజు నిజంగానే పాలు పొంగించి పరమాన్నం పెట్టాను. దొరగారు పటాలన్నీ రేకు గొట్టంలో పెట్టుకుని తీసుకెళ్లారు. అప్పుడు అన్నయ్యగారు సెలవు పెట్టి ఇంటికెళ్లి చూపించుకున్నారు. ఆరు నెలల ముందు వచ్చి ఉంటే ఉన్న చూపు నిలిచేదని డాక్టరు అన్నాడట. మళ్లీ మస్కట్ రాలేదు.

ఆవిడ ఉత్తరంలో ఆఖరి మాట ఇది: "అక్కడ పక్కన ఎవరైనా కనిపెట్టి ఒక్క ముక్క రాసి ఉంటే." ఆ మాటకి మాత్రం నేను జవాబు రాయలేదు. నేను నోరు విప్పి ఉంటే కళ్లు ఉండేవి, ఇల్లు ఉండేది కాదు. ఆయన కోరింది ఇల్లే. అయినా రోజూ దేవుడి ముందు కూర్చుంటే ఆ సంగతే ముందు వస్తోంది.

దొరగారి ఇల్లు కిందటేడు పడగొట్టేశారని మావారు చెప్పారు. ఎక్కడో ఆ రేకు గొట్టంలో, ప్రార్థన గది తలుపు దగ్గర, లేని గడప ఒకటి ఉంది.

ఇక్కడున్న చివరి ఏడాది ఆయన మా గుమ్మంలో చెప్పులు విడిచి, బొటనవేలితో గడప తడిమి, అప్పుడు దాటేవారు. చూపు సంగతి తెలిసేదాకా పెద్దల మర్యాద అనుకునేదాన్ని. ఆయన వెళ్లాక చూస్తే పసుపులో అక్కడ వేలెడంత చెరిగి ఉండేది.

నా తర్వాత ఈ పుస్తకం ఎవరి చేతికొచ్చినా పారేయకండి, పెట్టె అడుగున ఉంచండి. ఎవరికీ చూపించకండి, ఆవిడకి అసలే వద్దు. ఇవాళ శుక్రవారం. గడపకి పసుపు రాశాను. వేలెడంత చోటు వదిలేశాను.